నలగని పుప్పొడి

మైక్రోస్కోపు గొట్టానికి కన్ను ఆనించి కూర్చుంటే పరంజ్యోతికి ఒక సౌకర్యం ఉంది. పక్కన ఎవరేం మాట్లాడుకున్నా ఆమె విననట్టే లెక్క. ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆదిశేషయ్యగారు ప్రయోగశాల గుమ్మంలో నిలబడి అటెండరు ఇమ్మానుయేలుతో మాట్లాడుతున్నప్పుడు కూడా ఆమె కన్ను తీయలేదు.

"నిన్ను తీసేయమని నేను చెప్పలేదప్పా. మార్చమన్నా, అంతే. హాస్టల్లో పని. జీతమేం తగ్గదు."

"నేనేం తప్పు చేసినా సార్?"

"తప్పని కాదు. ఆసిడు పనికి చెయ్యి నిదానంగా ఉండాల. రెండేండ్ల నుంచీ నువ్వు కడిగిన రాతిపొడిలో ఒక్క గింజన్నా కనపడిందా? నువ్వు పాణ్యం పోయినప్పుడు ఈయమ్మ ఒక్కతే చేసుకునె. చూడు, ఎన్ని కనపడినాయో. దానర్థం ఏంది? ఉన్నవాటిని నువ్వే కడిగి కాలవలో పోస్తాంటివి."

ఆదిశేషయ్యగారి గొంతులో కోపం లేదు. ఆయన ఎవరితోనూ కోపంగా మాట్లాడరు. నంద్యాలలో ఆ కాలేజీ పెట్టిన నాటి నుంచీ వృక్షశాస్త్రం ఆయనదే. బజార్లో బట్టల అంగడిలో కూర్చోమన్న తండ్రిని కాదని గడ్డీగాదం చదువుకున్న మనిషి. జేబులో ఎప్పుడూ పిప్పరమెంట్లు ఉంటాయి. ఇమ్మానుయేలుకు ఆ మాట చెప్పడం అయ్యాక కూడా ఒకటి తీసి ఇచ్చారు. ఇమ్మానుయేలు దాన్ని తీసుకుని, ఏం చేయాలో తెలియనట్టు అరచేతిలోనే పెట్టుకుని లోపలికి వచ్చాడు.

రబ్బరు తొడుగులు గూట్లో ఉన్నాయి. వాటిని ఒకసారి బయటికి తీసి, దులిపి, వేళ్ళన్నీ ఒకే వైపు వచ్చేలా సర్ది మళ్ళీ అక్కడే పెట్టాడు.

"తల్లీ, పోయొస్తా" అన్నాడు.

"ఊఁ" అంది పరంజ్యోతి, గొట్టంలోకి చూస్తూనే.

గొట్టం అడుగున, వెలుతురు నడుమ, ఒక గింజ ఉంది. వడ్లగింజలాగా పొడుగ్గా, లేత గోధుమరంగులో, నడుం దగ్గర నిండుగా ఉంది. దాని పొడుగునా మూడు చాళ్ళు. రెండు పైకి కనిపిస్తున్నాయి. మూడోది అడుగునుంచి నీడలాగా తెలుస్తోంది.

పువ్వు రేకులు మట్టిలో నిలవవు. నిలిచేది పుప్పొడి గింజ పెంకు. దాన్ని ఏ ఆమ్లమూ తినలేదు. రాతిని దంచి ఆమ్లంలో వేస్తే రాయి కరిగిపోతుంది, పుప్పొడి ఉంటే మిగులుతుంది. భూమి మీద పువ్వు ఎప్పుడు పుట్టిందో ఇవాళ ఎవరైనా చెప్పగలుగుతున్నారంటే అది పుప్పొడి చెప్పిన సాక్ష్యమే. కింది పొరల్లో ఒక్క చాలు ఉన్న గింజలు, ఆ పైన మూడు చాళ్ళవి, ఇంకా పైకి వచ్చేకొద్దీ రకరకాలవి. ప్రపంచంలో ఏ కొండను కరిగించినా ఇదే వరుస. మూడు చాళ్ళ గింజ పన్నెండుపదమూడు కోట్ల ఏళ్ళకు మించిన రాతిలో ఎక్కడా దొరకలేదు. ఇప్పుడు ఆమె చూస్తున్న గింజ ఆళ్ళగడ్డ దగ్గర బావి తవ్వకంలో వచ్చిన పలకరాతిలోది. ఆ రాయి అంతకు నాలుగైదు రెట్లు పాతది. అది బురదగా ఉన్న రోజుల్లో నేల మీద గడ్డిపరక కూడా లేదు.

"పుస్తకాలు తిరగరాయాలమ్మా" అన్నారు ఆదిశేషయ్యగారు మొదటి గింజ చూసిన రోజున. "మన ఊరి రాయితో."

రెండేళ్ళుగా ఆమె చూసింది ఖాళీ. స్లైడు తర్వాత స్లైడు, ఎడమ నుంచి కుడికి, ఒక వరుస కిందికి దించి కుడి నుంచి ఎడమకి. నాట్లు లేని మడిలో తిరిగే మనిషిలా తిరిగింది. ఆ రాతిలో ఏమీ ఉండదని ఆమెకు మొదటి నెలలోనే అర్థమైంది. కానీ పరిశోధనాంశం ఆయన ఇచ్చింది. ఆమె డెమాన్‌స్ట్రేటరు ఉద్యోగం ఆరేళ్ళుగా తాత్కాలికమే. థీసిస్ ఇచ్చిన నెలలో ఆర్డరు ఇస్తామని కాలేజీ కరస్పాండెంటు ఆయన ఎదుటే అన్నాడు. ఖాళీ మీద థీసిస్ రాయడం ఎవరికీ చేతకాదు. అందుకే మొదటి గింజ కనిపించిన సాయంత్రం ఆమెకు నిజంగానే కళ్ళనీళ్ళు వచ్చాయి.

ఒక్క సంగతి మాత్రం ఆమె మనసులో ఒక పక్కకు జరుపుతూ వచ్చింది. సముద్రం అడుగు బురద పలకరాయి కావాలంటే దాని మీద ఎంత బరువు పడి ఉండాలి. అందులో చిక్కిన గింజ పుస్తకంలో పెట్టిన పువ్వులాగా అణిగిపోవాలి. ఈ గింజ అణగలేదు. రాతిలోంచి వచ్చినట్టు లేదు, గాలిలోంచి ఇప్పుడే దిగినట్టుంది. రంగేమో పాతదానిలాగా గోధుమగా ఉంది. కానీ రాయి కరిగాక వేసే నత్రికామ్లంలో ఏ పుప్పొడైనా ఆ రంగుకే వస్తుంది. తను వేసిన బొమ్మలో గింజకు ఒక వైపు పెన్సిలుతో నీడ దిద్దింది. దిద్దకుండా ఉండలేకపోయింది. "ఎంత నిండుగా వేసినావమ్మా" అని ఆయన మెచ్చుకున్నారు.

వచ్చే గురువారం యూనివర్సిటీ నుంచి ప్రొఫెసరు వస్తున్నాడు, ఆ గింజలను చూడటానికి.

ఆమె కన్ను తీసేసరికి ఇమ్మానుయేలు వెళ్ళిపోయాడు. గూట్లో తొడుగుల పక్కన పిప్పరమెంటు ఉంది.

*

శనివారం సాయంత్రం బస్సుకు పరంజ్యోతి ఆళ్ళగడ్డ వెళ్ళింది. నెలకోసారి వెళ్తుంది. ఈసారి వెళ్ళకుండా ఉంటే బాగుండేదని ఆదివారం ఆరాధనలో కూర్చున్నాక తెలిసింది.

పాస్టరుగారు ప్రకటనల దగ్గరికి వచ్చి కళ్ళజోడు సవరించుకున్నారు. "మన సుందరరాజు మాస్టరుగారి బిడ్డ నంద్యాలలో పెద్ద సంగతి కనిపెట్టింది. పూలు ఆఖరున పుట్టినాయి, మెల్లగా మారినాయి అని సైన్సు చెప్తాండె. ఇప్పుడు మన ఊరి బావిలో, అన్నిటికన్నా కింది రాతిలో, పూలు దొరికినాయి. దేవుడు మూడో దినమే చెట్టూచేమా పుట్టించినాడని మనం చిన్నప్పటినుంచీ చదువుకున్నదే. దానికి రుజువు మన సంఘంలోంచే రావడం మనకు ఆనందం."

ముందు వరుసలోని ముసలివాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. సుందరరాజు తల వంచుకున్నాడు. నలభై ఏళ్ళు మిషన్ బడిలో పాఠాలు చెప్పిన మనిషి, పొగడ్త వచ్చినప్పుడు ఎక్కడ చూడాలో ఇప్పటికీ తెలియదు. ఆమె కూడా తల వంచుకుంది. చూసేవాళ్ళకు తండ్రీకూతుళ్ళది ఒకే వినయం.

ఇంటికి వస్తూ ఆమె అంది. "నాయనా, ఎందుకు చెప్తివి ఆయనకి? ఇంకా తేలల్యా."

"ఏం తేలల్యా? గింజలు చూసినానంటివి గదా నువ్వే."

"చూసినా."

"మరి? కండ్లతో చూసినంక తేలేదేముంది పాపా?"

మధ్యాహ్నం అన్నాలయ్యాక తల్లి కృపమ్మ వరండాలో చేట ముందు పెట్టుకుని కనకాంబరాలు కడుతోంది. తడిపిన అరటినార ఎడమచేతి బొటనవేలికి చుట్టుకుని, రెండటు రెండిటు పెట్టి, చూడకుండానే ముడి వేస్తోంది.

"తల ఇట్ల తిప్పు."

"వద్దులేమ్మా."

"ఏందోమ్మా. కోట్ల ఏండ్ల నాటి పూలు కనిపెడతావు, ఈ పొద్దు పూసినవి తల్లో పెట్టుకోమంటే బరువు. రాతిలో పూసినవైతే పెట్టుకుంటావేమో."

"ఊరికే ఉండు. దాన్ని సతాయించగాకు" అన్నాడు సుందరరాజు కుర్చీలోంచి. ఆయన గొంతులో నవ్వు ఉంది. ఆ ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు.

తల్లి కట్టిన మూర ఆమె ఒళ్ళో పడింది. పరంజ్యోతి దాన్ని చేతిలోకి తీసుకుంది. లేత కాషాయరంగు. అరటినార తడి. ఆ తడి వేళ్ళకు తగలగానే, ఇన్నాళ్ళూ పక్కకు జరిపినదంతా ఒక్కసారిగా ఎదురుగా వచ్చి కూర్చుంది.

ఆయుధపూజ. ఆదిశేషయ్యగారు ఇంటినుంచి బుట్టెడు కనకాంబరాలు తెచ్చారు. మైక్రోస్కోపుకు గంధం, సుత్తికి గంధం, త్రాసుకు గంధం. రాతిని దంచే నల్లరాతి కల్వానికి అంచున కుంకుమ బొట్టు, చుట్టూ మూడు చుట్ల మాల, లోపల గుప్పెడు విడిపూలు. అది ఆళ్ళగడ్డ శిల్పులు చెక్కిన కల్వం. అడుగంతా సన్న సన్న గుంటలు. "నువ్వూ రామ్మా, దాంతో పనిచేసేది నువ్వే గదా" అని ఆయన పిలిస్తే, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పక్కన నిలబడింది. ఆ ఉదయమే అత్త చనిపోయిందని కబురు వచ్చి ఇమ్మానుయేలు, అతని భార్య దానమ్మ పాణ్యం వెళ్ళిపోయారు.

సెలవులయ్యాక కూడా ఇమ్మానుయేలు రాకపోవడంతో దంచే పని ఆమె మీద పడింది. ఎండిన మాల విప్పింది. విడిపూలు ఏరింది. ఇమ్మానుయేలు ఉండి ఉంటే కల్వాన్ని చంకన పెట్టుకుని కుళాయి కిందికి తీసుకుపోయేవాడు. అతనూ ప్రార్థనకు వెళ్ళేవాడే, కానీ కల్వం అతనికి కల్వమే. ఆమెకు చెయ్యి రాలేదు. అంచున కుంకుమ ఇంకా ఎర్రగా ఉంది. క్రైస్తవురాలు పూజ చేసిన బొట్టును కాలవలోకి కడిగేసిందని ఎవరైనా అనుకుంటే? ఎవరూ ఏమీ అనరు. ఆదిశేషయ్యగారు అసలే అనరు. ఆయన అనకుండా ఊరుకోవడమే ఆమెకు భయం. అందుకని బొట్టుకు తగలకుండా, లోపల మాత్రం తడిగుడ్డతో తుడిచింది. గౌరవంగా, జాగ్రత్తగా తుడిచింది. ఆ తరువాత దంచిన ప్రతిసారీ అలాగే తుడిచింది.

"ఏమే, అట్ల చూస్తాండావ్? వాడినాయా?" అంది కృపమ్మ.

"లేదు. ఇంకా కొన్ని కట్టియ్యి. నంద్యాల తీసకపోతా."

తల్లి మొహం వెలిగింది. ఆకులో పొట్లం కట్టింది.

సాయంత్రం తండ్రి ఆమెను బావి దగ్గరికి తీసుకుపోయాడు. తవ్విపోసిన పలకలు గట్టు మీద గుట్టగా ఉన్నాయి. ఒకదాని మీద సన్నటి మడతలు, ఒడ్డున ఇసుక మీద నీళ్ళు వెనక్కి పోయినప్పుడు మిగిలే చారల్లాంటివి. సుందరరాజు వంగి, వాటి మీద వేలు ఆనించి మెల్లగా నిమిరాడు.

"ఇదంతా సముద్రమంట గదా పాపా. దాని ఒడ్డున పూలు. ఎవురూ చూసేటోళ్ళు లేకపోయినా పూసినాయి." ఆయన ఆ మాట ఎన్నిరోజులుగా దాచుకున్నాడో. "నాకు అదే బాగుండాది, అన్నిటికన్నా."

ఆమె నోరు తెరిచింది. గాలి చల్లగా ఉంది. "మంచు పడతాంది నాయనా, పోదాం" అంది.

*

సోమవారం ప్రయోగశాలలో తల్లి ఇచ్చిన పొట్లం విప్పి, ఒక పువ్వు కేసరాలను సూదితో గీకి, నత్రికామ్లంలో వేడిచేసి, స్లైడు చేసింది. వడ్లగింజ. మూడు చాళ్ళు. గోధుమరంగు. తన బొమ్మను పక్కన పెట్టుకుని చూసింది. కావాలంటే ఆ బొమ్మ ఈ గింజను చూసే వేసిందని చెప్పవచ్చు. ఆమెకు ఆశ్చర్యం కలగలేదు. ఆశ్చర్యం కలగకపోవడమే భయపెట్టింది. తనకు ఎప్పటినుంచి తెలుసు? శుక్రవారం, ఇమ్మానుయేలు తొడుగులు సర్దుతున్నప్పుడు తెలుసా? తెలిసే "ఊఁ" అందా?

అతని కడుగుడులో తప్పు లేదు. అతను కడిగిన రెండేళ్ళ స్లైడులు ఖాళీగా ఉన్నాయంటే, రాయి ఖాళీ కాబట్టే. శుభ్రంగా కడిగినందుకు అతనికి ఆ మాట పడింది. ఈ సంగతి మనసులో పెట్టుకోగానే ఆమెకు కొంచెం ఊపిరాడింది. తన సంగతి ఎలా ఉన్నా, ఇమ్మానుయేలు కోసమైనా నిజం చెప్పాలి. ఒకరికోసం చెప్పడం తేలిక. మధ్యాహ్నం గంట కొట్టగానే గ్రౌండు దాటి హాస్టలుకు వెళ్ళింది.

హాస్టలు వెనక వరండాలో ఇమ్మానుయేలు గొంతుక్కూర్చుని స్టీలు గ్లాసులు కడుగుతున్నాడు. ఆమెను చూసి లేవబోయాడు.

"కూర్చో అన్నా. ఎట్లుండాది ఈడ?"

"బాగుండాది తల్లీ. ఆసిడు వాసన లేదు. రాత్రి పూట దగ్గు తగ్గె. దానమ్మ గూడా మంచిదేలే అనె."

"నేను సార్‌తో మాట్లాడతా. నీ తప్పేం లేదు దాంట్లో."

"వద్దు." అతను గ్లాసును నీళ్ళలో ముంచాడు. "నువ్వు మాట్లాడితే మళ్ళీ ఆడికే రమ్మంటారు. ఎందుకు? నాకీడే సుఖం. నీ ఉద్యోగం ఖాయమైతాదంట గదా, అందురూ అనుకుంటాండారు. అది చూసుకో తల్లీ. నేను బాధపడతాండాననుకోవాకు."

ఆ గ్లాసు కడిగి పక్కన పెట్టాడు. మళ్ళీ తీసి, వెలుతురుకు ఎత్తి చూసి, లోపల వేలు తిప్పి, ఇంకోసారి నీళ్ళు పోశాడు. మళ్ళీ ఎత్తి చూశాడు. వంట మనిషి గుమ్మంలోంచి చూస్తున్నాడు.

"చూడమ్మా ఈయన యవ్వారం. ఓ ఇమ్మానుయేలూ, పిల్లోళ్ళు నీళ్ళు తాగే గ్లాసప్పా అది. నువ్విట్ల కడుగుతాంటే మధ్యాన్నం అన్నం మాపటికి తినాల వాళ్ళు."

"గలీజుంటే?"

"యాడుండాది గలీజు? నువ్వు చూసే చూపుకు గ్లాసు సిగ్గుపడతాంది."

ఇమ్మానుయేలు నవ్వలేదు. ఆ గ్లాసు మీదే ఇంకోసారి నీళ్ళు పోశాడు.

పరంజ్యోతి తిరిగి వస్తూ గ్రౌండు మధ్యలో ఆగిపోయింది. ఎండ నెత్తిన ఉంది. చెప్పాల్సిన పని లేదని అతనే తనను వదిలేశాడు. ఇక ఎవరికీ ఫిర్యాదు లేదు. తండ్రి సంతోషంగా ఉన్నాడు, ఆదిశేషయ్యగారు సంతోషంగా ఉన్నారు, ఇమ్మానుయేలు తనకు సుఖంగా ఉందంటున్నాడు. ఆ గింజ అబద్ధమైతే ఎవరికి నష్టం? కోట్ల ఏళ్ళ క్రితం పువ్వు ఒకటి ఉందో లేదో, దాని తరఫున అడిగేవాళ్ళెవరు? తలుపులన్నీ తెరిచే ఉన్నాయి, కానీ అన్నీ ఒకే గదిలోకి. ఆ గదిలో ఉద్యోగం ఉంది, డాక్టరు అన్న బిరుదు ఉంది, ఊళ్ళో తల వంచుకుని నిలబడితే వినయమనుకునే జనం ఉన్నారు. ముప్ఫై ఏళ్ళపాటు ప్రతి దసరాకూ ఆ కల్వానికి కనకాంబరాలు చుడతారు, ఆమె పక్కన నిలబడి చూస్తుంది.

అతను గ్లాసును వెలుతురుకు ఎత్తిన తీరు ఆమెకు మళ్ళీ కనిపించింది. సుఖంగా ఉన్న మనిషి గ్లాసును అలా చూడడు.

కాలేజీ గేటు దగ్గర సోడా బండివాడు పగిలిన గోలీసోడా సీసా ముక్కలను కాలితో పక్కకు నెడుతున్నాడు.

"ఆ ముక్కలు నాకిస్తావా?"

"ఏం చేస్తావమ్మా పగిలిన సీసా?"

"పరీక్ష చేయాల."

"గాజుకు గూడా పరీక్షా? పాసయితాదంటావా?" అని వాడు కాగితంలో చుట్టి ఇచ్చాడు.

రాతిని తినే ఆమ్లానికి గాజంటే ఇంకా ఇష్టం. అందుకే దాన్ని ప్లాస్టిక్ డబ్బాలో దాచేవారు. పరంజ్యోతి గాజుముక్కలను బాగా కడిగింది. కల్వాన్ని మాత్రం కడగలేదు. ఎప్పటిలాగే తడిగుడ్డతో తుడిచింది. మొహానికి గుడ్డ కట్టుకుని, గుండుతో మెల్లగా దంచింది. గాజు మొదట చిటపటమని, తరువాత ఇసుకలాగా, చివరికి పిండిలాగా అయింది. గూట్లోంచి ఇమ్మానుయేలు తొడుగులు తీసి వేసుకుంది. అవి ఆమె చేతులకు పెద్దవి, వేళ్ళ చివరలు ఖాళీగా వేలాడాయి. కిటికీలన్నీ తెరిచి, పిండిని ప్లాస్టిక్ గిన్నెలో ఆమ్లంలో పోసి మూత పెట్టింది.

గాజులో ఏ కాలంలోనూ పువ్వు పూయదు. అంతా కరిగాక ఏదైనా మిగిలితే అది కల్వానిది.

*

బుధవారం మధ్యాహ్నానికి ప్రయోగశాలలో కుర్చీలు వేయించారు. రేపు ప్రొఫెసరు, కరస్పాండెంటు, ఊరి పెద్దలు. నల్లబల్ల మీద ఆదిశేషయ్యగారు తన గుండ్రటి చేతిరాతతో శీర్షిక స్వయంగా రాసి, వెనక్కి జరిగి చూసుకుంటున్నారు. "ఆళ్ళగడ్డ పలకరాతిలో పుష్పించే మొక్కల తొలి ఆనవాళ్ళు." తొలి అన్న మాట కింద గీత గీయాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు సుద్దముక్క అక్కడే పట్టుకున్నారు.

"సార్, ఇదొకసారి చూడండి" అంది పరంజ్యోతి.

ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, గొట్టం మీదికి వంగారు. చక్రం మెల్లగా తిప్పారు.

"అబ్బ." ఆయన గొంతు పిల్లవాడి గొంతులా అయిపోయింది. "ముందటివాటికన్నా ఇది బాగుండాదమ్మా. మూడు చాళ్ళూ కనపడతాండాయి. ఎన్నో అడుగు రాయి?"

పొద్దుటినుంచి ఆమె ఒక వరుసలో మాటలు పేర్చుకుంది. ఒక్కటీ రాలేదు.

"రాయి కాదు సార్. సోడాసీసా."

"ఆఁ?"

"పగిలిన సోడాసీసా. మన కల్వంలోనే దంచినా. మన ఆసిడే. రాయి లేదు దాంట్లో."

ఆయన నవ్వారు. విద్యార్థి పాఠంలో తమాషా చేస్తే గురువు నవ్వే నవ్వు. ఆ నవ్వు కొంచెంసేపు పెదవుల మీద ఉండి, ఎక్కడికి పోవాలో తెలియక అక్కడే ఆగిపోయింది. కన్ను మాత్రం గొట్టం మీదినుంచి తీయలేదు. చక్రం తిప్పడం లేదు, స్లైడు జరపడం లేదు. చూడటానికి అక్కడ ఒకే ఒక్క గింజ ఉంది. ఆయన చూస్తూనే ఉన్నారు. పరంజ్యోతికి ఆ భంగిమ తెలుసు. శుక్రవారం తను కూర్చున్నది అలాగే.

"కల్వం కడగలేదా?" అన్నారు, గొట్టంలోకే.

"తుడిచినా సార్. అంచున కుంకుమ ఉండె. కడిగేదానికి చెయ్యి రాల్యా."

"కడిగితే నేనేమన్నా అంటాననుకుంటివా?"

"అనరు సార్."

బయట ఎవరో కుర్చీ ఈడ్చారు. ఆయన ఇంకా వంగే ఉన్నారు.

"మా ఇంటి పూలే. మా ఇంటామె వెంకటలక్ష్మి పొద్దున్నే లేచి కట్టె." చక్రం మీది చెయ్యి తీశారు. "నువ్వు మంచి బొమ్మ వేస్తావమ్మా. నీ బొమ్మ చూసినప్పుడే ఒకసారి అనిపించె. నీడ దిద్దినావు. నలిగినదానికి నీడ యాడిది?"

పరంజ్యోతి బల్ల అంచు పట్టుకుంది. "నాకూ అనిపించె సార్."

"మరి అడగల్యా?"

"మీరు అడుగుతారనుకుంటి."

ఆయన నిటారుగా లేచారు. గొట్టం అంచు ఒత్తుకుని కంటి చుట్టూ గుండ్రటి గుర్తు పడింది. ఒక్కసారిగా ఆయన పదేళ్ళు పెద్దవాడిలా కనిపించారు. జేబులో చెయ్యి పెట్టి పిప్పరమెంటు తీసి, దాన్ని చూసి, మళ్ళీ జేబులోనే వేసుకున్నారు.

"ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు సార్."

"ఇమ్మానుయేలుకు?"

"చెప్పల్యా."

ఆ తరువాతి మాట ఆయన అనవచ్చు. ఎవరికీ తెలియనప్పుడు ఎందుకమ్మా అని ఒక్క మాట. ఆమె ఎదురుచూసింది. ఆయన అలా అంటే తను ఏం చేస్తుందో ఆమెకు నిజంగా తెలియదు. ఆయన పెదవులు విడివడ్డాయి కూడా. కానీ ఆయన చూపు ఆమె మీదినుంచి నల్లబల్ల మీదికి పోయింది.

"ప్రొఫెసరుకు ఏం చూపించాలమ్మా రేపు?"

"రెండేండ్ల స్లైడులు ఉండాయి గద సార్. ఇమ్మానుయేలు కడిగినవి."

"అన్నీ ఖాళీవే గదా."

"అవును సార్. అవే సరైనవి."

"ఖాళీ చూసేదానికి అంత దూరంనుంచి ఎవురొస్తారు?" ఆయన మెల్లగా నల్లబల్ల దగ్గరికి నడిచారు. గుడ్డ కోసం చూడలేదు. అరచేత్తోనే శీర్షిక మీద అడ్డంగా రుద్దారు. మొదట తొలి ఆనవాళ్ళు పోయాయి, తరువాత పుష్పించే మొక్కలు పోయాయి. ఆళ్ళగడ్డ పలకరాతిలో అన్న రెండు మాటలు మిగిలాయి. వాటిని చెరపలేదు. "నీ థీసిసు ఏమైతాది, ఆలోచించుకుంటివా?"

"లేదు సార్."

నిజంగానే ఆలోచించలేదు. ఆమె పేర్చుకున్న మాటల్లో దీని తరువాతివి ఏవీ లేవు.

"ఇమ్మానుయేలును రమ్మని కబురు పంపిస్తా" అన్నారు ఆయన, సుద్ద అంటిన చేతిని ఏం చేయాలో తెలియనట్టు ఎడంగా పట్టుకుని.

"కబురు పంపితే రాడు సార్."

ఆదిశేషయ్యగారు ఆమె వైపు చూశారు. చెప్పులు వేసుకుని, గొడుగు తీసుకోకుండా బయటికి నడిచారు.

పరంజ్యోతి కల్వాన్ని రెండు చేతులా ఎత్తింది. అనుకున్నదానికన్నా బరువు. ఇమ్మానుయేలులాగా చంకన పెట్టుకోబోతే జారింది. నడుం మీద ఆనించుకుని వరండా చివర కుళాయి దగ్గరికి తీసుకుపోయింది. కుళాయి విప్పింది. అంచున కుంకుమ బొట్టు మొదట నల్లబడి, తరువాత కరిగి, సన్నటి ఎర్రచారగా కాలవలోకి జారింది. ఆమె అటూ ఇటూ చూడలేదు. వేళ్ళతో అడుగున గుంటల్లో రుద్దింది, గోళ్ళతో గీకింది, నీళ్ళు పారబోసి మళ్ళీ పట్టింది.

గ్రౌండు అవతల హాస్టలు వరండా కనిపిస్తోంది. ఆదిశేషయ్యగారు మెట్ల కింద ఎండలో నిలబడి ఉన్నారు. ఇమ్మానుయేలు గ్లాసుల ముందు కూర్చునే ఉన్నాడు. ఆయన ఏదో అన్నారు. ఇంత దూరానికి ఏమీ వినపడలేదు. ఇమ్మానుయేలు చేతిలోని గ్లాసును వెలుతురుకు ఎత్తి చూశాడు. లోపల వేలు తిప్పాడు. మళ్ళీ నీళ్ళు పోశాడు. ఆయన నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడ్డారు, అతని కడుగుడు అయ్యేదాకా.

రేపు ప్రొఫెసరు. ఆదివారం నాయన. ఆ తరువాత మళ్ళీ స్లైడులు, ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి, ఏమీ లేదని చూడటం. అది ఎన్నాళ్ళో, దానికి జీతం ఎవరిస్తారో తెలియదు.

కల్వంలో నీళ్ళు తేటగా ఉన్నాయి. పరంజ్యోతి వాటిని నమ్మలేదు. పారబోసి, మళ్ళీ కుళాయి కింద పెట్టింది.